అక్కకి తాబేలు చూపించబోయి

మా అక్క నరసమ్మ పుట్టుకతోనే చూపులేని మనిషి. నన్ను ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగదు. అలాంటిది 2016 ఫిబ్రవరిలో ఒక కోరిక కోరింది. మా బావ కళింగపట్నం దగ్గర ఒక పల్లెలో నాలుగేళ్ళు తాబేళ్ళ కాపలా చేశాడు. చలికాలం రాత్రుళ్ళు తల్లి తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. కుక్కలూ నక్కలూ తవ్వెయ్యకుండా ఆ గుడ్లు ఏరి కంచెలో దాచడం ఆయన పని. తెల్లారి ఇంటికొచ్చి, ఇవాళ ఒకటి వచ్చింది, గుడ్లు పెట్టింది, పసుపు రాసి సాగనంపాను అని చెప్పేవాడట. అక్క ఆ చేతుల పసుపు వాసన చూసి మురిసిపోయేది. అంతకుముందు వానాకాలం బావ జ్వరంతో చనిపోయాడు. అక్క రాజాంలో మా ఇంటికి వచ్చేసింది. “ఓపాలి ఆ తాబేలును ముట్టుకోవాలిరా. ఆయన సూసింది నానూ సూసినట్టుంటాది” అంది.

మధ్యాహ్నం మూడింటికి రాజాంలో బస్సెక్కి, శ్రీకాకుళంలో ఇడ్లీ తిని, కళింగపట్నం బస్సు పట్టుకున్నాం. అక్కడి నుంచి పల్లెకి ఆటో యాభై రూపాయలు. రాత్రి తిరుగు బస్సు దొరకదు కాబట్టి బావతో పనిచేసిన ఎర్రయ్య ఇంట్లో పడక. ఆయన భార్య చేపల పులుసు పెట్టింది. అక్కకి ముళ్ళు తీసిపెట్టబోతే, ముల్లు సంగతి నాకు నీకన్నా తెలుసులే అని నా చెయ్యి నెట్టేసింది.

పదకొండింటికి బయల్దేరాం. తెల్ల వెలుగు పడితే తాబేలు వెనక్కి పోతుంది కనుక టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి. నీళ్ళ అంచున తడి ఇసుక మీద నడక. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నేను పెద్ద గైడులా “అదిగో, ఇదిగో” అని వేలు చూపిస్తుంటే నవ్వింది. రెండు గంటలు ఏమీ కనబడలేదు. ఒంటిగంట దాటాక ఇసుక మీద నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. “అక్కా, వచ్చింది” అనేశాను. ఎర్రయ్య టార్చి వేశాడు. తాబేలు కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. వలలో చిక్కి, ఊపిరాడక చచ్చి కొట్టుకొచ్చింది.

అక్క ముఖంలో సంబరం చూశాక నాకు నిజం నోట రాలేదు. ఎర్రయ్యకి సైగ చేసి, “గుడ్లు పెడుతోందక్కా, కదలదు” అన్నాను. అక్క మోకాళ్ళ మీద కూర్చుని డిప్ప తడిమింది. మెడ దాకా వెళ్ళి వేళ్ళు ఆగాయి. ఎర్రయ్య అలవాటు కొద్దీ మొలలోంచి పొట్లం తీసి తాబేలు నెత్తిన పసుపు రాశాడు. ఆ వాసనకి అక్క తలెత్తింది.

“బతికున్నోటికీ పసుపు రాస్తారేటి, ఎర్రయ్యా?”

“నేదొదినా. బతికున్నదాన్ని ముట్టుకోం, బెదిరిపోతాది. పసుపు సచ్చినోటికే. రాసి పూడ్సెత్తాం.”

అక్క చాలాసేపు డిప్ప మీంచి చెయ్యి తీయలేదు. “ఎన్ని పూడ్సేడో నా మొగుడు” అంది చివరికి. “ఒక్కటీ నాకు సెప్పనేదు.”

నాకు ఏడుపొచ్చింది. నేను ఒక్క రాత్రి ఆడి తట్టుకోలేని అబద్ధాన్ని ఆయన నాలుగు చలికాలాలు ఆడాడు. అక్క పొట్లం అడిగి తీసుకుని, మిగిలిన పసుపంతా తనే రాసింది. మాతో పాటు చేతులతో గొయ్యి తవ్వింది.

పొద్దున్న బస్సులో, బావ మీద కోపమా అని అడిగాను. కోపం కాదంది. ఆ కథలు విని తను నవ్వుతుంటే, ఆయన ఎదురుగా ఎలా నిలబడ్డాడో అదే తలుచుకుంటున్నానంది.

మీరు వెళ్ళేటట్టయితే జనవరి, మార్చి నెలల మధ్య, కాపలావాళ్ళతో ముందే మాట్లాడుకుని వెళ్ళండి. చూపులేని వాళ్ళు వెంట ఉంటే చెయ్యి పట్టి లాగకుండా మోచెయ్యి అందించండి, కనబడింది కనబడినట్టు చెప్పండి. బావ పోయినప్పటి నుంచి మా అక్క ఒంటికి పసుపు తగలలేదు. ఆ పొద్దున్న రాజాంలో దిగేదాకా ఆ చేతులు కడుక్కోలేదు.