జబ్బ కొలత

ఆ వీధి దర్జీ ఆవిడ సాయంత్రం నడిచి రాగానే, చెప్పులైనా విప్పకుండా మెడలోని టేపు తీసి జబ్బకి చుట్టుకుంటుంది. గుండెకి మంచిదని డాక్టరు వేగంగా నడవమన్నాడు, బరువూ తగ్గమన్నాడు. బరువు తగ్గింది. దాంతోపాటు జాకెట్టు చేతులు వదులై, మళ్ళీ కుట్టు బిగించుకోవాల్సి వచ్చింది. అందచందాల మీద ధ్యాస ఉన్న మనిషి కాదు. నడుం కింద చచ్చుబడిన తమ్ముణ్ణి మంచం మీంచి కుర్చీలోకి చేర్చేవి ఆమె రెండు చేతులే. లేపేటప్పుడు అతను కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. తన బరువు అక్క మొహంలో చూడలేడు.

మొన్న తమ్ముడికి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి ఎదుటే, సగం లేపాక ఆమె మోచేతులు వణికాయి. మెల్లగా మంచం మీదకే దించేసి, "ఇంక నడక మానేస్తానమ్మా. నా కండంతా అదే తినేస్తోంది. టేపు అబద్ధం చెప్పదుగా" అంది. ఆ అమ్మాయి ఆమె జబ్బ నొక్కి చూసింది. "టేపు నిజమే చెప్పిందండీ. తప్పు నడకది కాదు. కడుపు మాడ్చుకుని నడిస్తే ఒళ్ళు కండనే కరిగించుకుంటుంది. రాత్రి ఏం తిన్నారు?" ఆమె టేపు చుట్ట చుట్టడంలో పడింది. "మంచినీళ్ళు" అన్నాడు తమ్ముడు. "బరువు తగ్గాలని కొన్నాళ్ళుగా అంతే. అడిగితే తిన్నానంటుంది." ఆ పూట ఆమె కంచం అందిస్తే అతను పుచ్చుకోలేదు. "ముందు నువ్వు తినక్కా" అన్నాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. లేపేటప్పుడు ఏనాడూ కళ్ళు తెరవని మనిషి, అది గొంతు దిగేదాకా రెప్ప వెయ్యకుండా చూశాడు.