ఒంటెద్దు పాటలు రెండు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా తమ్ముడు కమలాపురం బస్టాండులో దిగాడు. నేను కడప నుంచి అరగంట ముందే వచ్చి, సిమెంటు బెంచీ మీద పుస్తకం తెరుచుకుని కూర్చుని, పేజీ తిప్పినప్పుడల్లా గడియారం చూస్తున్నాను కాబట్టి ఆ సమయం గుర్తుంది. వాడు కర్నూలులో ఇంజనీరింగు చదువుతున్నాడు. చేతిలో బట్టల సంచి, వీపున నల్లటి గుడ్డ తొడుగులో గిటారు. మా ఊరికి పోయే ఆటోలో ఆ గిటారు ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. చివరికి ఒక ముసలాయన దాన్ని ఒళ్ళో నిలబెట్టుకున్నాడు.

"లోపల ఏముండాదప్పా?"

"గిటారు తాతా."

"వాయిస్తే ఏమన్నా ఇస్తారా?"

"ఇంతవరకూ ఎవరూ ఇయ్యలే."

"అట్లయితే ఇంత జాగర్తగా పట్టుకోవాల్సిన పని లేదు" అని ఆయన పట్టు కొంచెం వదులు చేశాడు. ఆటో అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మా తమ్ముడే నవ్వాడు.

ఆటో దిగి ఇంటి వైపు నడుస్తుంటే చెప్పాడు. "అక్కా, ఒక పాట కట్టినా. జూన్‌లో కాలేజీల పోటీ ఉండాది. అందులో పాడతాం."

"పేరేంటి?"

"ఒంటెద్దు."

ఆ పేరుతో మా ఇంట్లో అప్పటికే ఒక పాట ఉంది. అది మా జేజిది. జేజి అంటే మా నాయన తల్లి.

మేలో మా ఇంటి ముందరి పడసాలలో విత్తనపు కాయలు వలిచేవారు. వేరుశనగ మిషను అప్పటికే కమలాపురంలో ఉంది. నూనెకు పోయే కాయ దానికి వేసేవారు. విత్తనానికి అది పనికిరాదు, గింజ దెబ్బ తింటుంది. గింజ మీది ఎర్ర పొర కొంచెం చిట్లినా అది మొలవదు. అందుకని ఏడెనిమిది మంది ఆడవాళ్ళు బండల మీద బారుగా కూర్చుని, చాటలు ముందు పెట్టుకుని, కాయ ముక్కు మీద బొటనవేలు నొక్కి ఒక్కొక్కటే వలిచేవారు. ఆ పని పాట లేకుండా సాగదు. అలసట పోవడానికి పాడుకుంటారని పుస్తకాల్లో చదివాను. మా పడసాలలో సంగతి వేరు. పాట వేళ్ళకు వేగం చెబుతుంది. పాట లేకపోతే ఒకరు తొందరపడతారు, పక్కనామె ఆమెను అందుకోవాలని చూస్తుంది, సాయంత్రానికి చాటల్లో చిట్లిన పప్పు మిగులుతుంది.

ఆ పాటలకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి పాట వాళ్ళే ఎత్తుకోవాలి. తక్కినవాళ్ళు పేరు చెప్పి అడగాలి. అడగని పాట ఎత్తుకోరు.

జేజి 'ఒంటెద్దు'లో ఒక రైతుకు ఒక్క ఎద్దే మిగులుతుంది. వాన పడింది, విత్తడానికి గొర్రు కట్టాలి. రెండో ఎద్దు కోసం అతను ఇల్లిల్లూ తిరుగుతాడు. జేజి ఒక ఇంటి వాకిలి ముందు నిలబడి అడిగినట్టు ఒక చరణం పాడుతుంది. వలిచేవాళ్ళలో ఒకరు ఆ ఇంటివాళ్ళై, ఎద్దును ఎందుకు ఇవ్వలేరో జవాబు పాడాలి. మా ఎద్దుకు కాలు నొప్పి అంటారు ఒకరు. మా ఎద్దు అత్తగారింటికి పోయింది, పిలిచినా రాలేదు అంటారు ఇంకొకరు. జవాబులు ఏ ఏటికా ఏడు కొత్తవి. కాయ ఎంత ఉంటే పాటలో అన్ని ఇండ్లు ఉంటాయి.

మా తమ్ముడి 'ఒంటెద్దు' వేరు. వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ కర్నూలులో ఒక బట్టల కొట్టు మీది గదిలో రాక్ పాటలు వాయించేవారు. వాడి పాటలో రైతు లేడు. మాట్లాడేది ఎద్దే. జతను సంతలో అమ్మేశారు. కాడిలో ఖాళీగా ఉన్న పక్కకు అది మాటిమాటికీ తల తిప్పుతుంది. బాణీ వేరు, మాటలు వేరు. రెంటికీ పేరొక్కటే.

"వేరే పేరు పెట్టుకోవచ్చు కదరా" అన్నాను.

"పెట్టి చూసినా. అబద్ధం చెప్పినట్టుండాది. ఇదంతా జేజి పాట వినే కదా తట్టింది. జేజి సరే అంటేనే ఆ పేరు పెడతా. వద్దంటే పెట్టను."

ఆ మాట వాడు తేలిగ్గా అనలేదు. అప్పటికే స్నేహితులకు ఆ పేరే చెప్పాడు. పోటీ కాగితంలో పాట పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచి ఇంటికి వచ్చాడు.

మరుసటి రోజు పొద్దున కాయలు వలవడం మధ్యలో ఉండగా అడిగాడు. జేజి తల ఎత్తలేదు.

"నా పాట పేరు నీ పాటకెందుకప్పా? నీ పేరు పక్కింటోళ్ళ పిల్లోనికి పెడితే ఒప్పుకుంటావా?"

"మా కాలేజీలో నా పేరుతో ముగ్గురుండారు జేజీ."

"మరి పిలిస్తే ఎవరు పలుకుతారు?"

"ముగ్గురూ పలుకుతాం."

"అదే నేను చెప్పేది" అంది జేజి. ఆడవాళ్ళు నవ్వారు. జేజి నవ్వలేదు. తన పుట్టింటి ఊళ్ళో ఒకప్పుడు ఇద్దరికి ఒకే పేరుతో పాటలుండేవట. ఎవరో ఆ పేరు అడిగారు. ఇద్దరూ ఒకేసారి ఎత్తుకున్నారు. ఇద్దరూ ఆపలేదు. ఆ పొద్దు నుంచి రెండిండ్లకూ మాటల్లేవు. "ఒక పేరుకు ఒక పాటే ఉండాల. అడిగినోళ్ళకు ఏది ఎత్తుకోవాలో తెలియాల."

మా పక్కింటి పెద్దమ్మ కలగజేసుకుంది. జేజిని ఎదిరించి మాట్లాడగలిగింది ఆమె ఒక్కతే. "ముందు ఇనుకో అత్తా. ఇనకుండా ఇయ్యను అంటే ఎట్ల?"

"పాడమను. మేం వలుస్తాంటాం."

తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని పాడాడు. కర్నూలులో కరెంటు గిటారుతో ఎలా పాడేవాడో ఆ వేగంతోనే పాడాడు. నాకు పాట నచ్చింది. ఆడవాళ్ళకూ నచ్చిందని వేళ్ళు చూస్తే తెలిసింది. పాటతో పాటు అందరి చేతులూ పరుగెత్తాయి. పాట అయిపోయాక పక్కింటి పెద్దమ్మ తన చాటలో నుంచి గుప్పెడు తీసి వాడికి చూపించింది. సగానికి సగం రెండు బద్దలు.

"ఇవి నీకు చట్నీకి వస్తాయప్పా. చేనికి రావు."

"పాట బాగుండాది" అంది జేజి. "కాయ ఒక దోసెడు కూడా కాకముందే అయిపోయింది. పేరు మాత్రం ఇయ్యను."

ఆ పది రోజుల సెలవుల్లో వాడు ఆ పాటను రోజూ కొంచెం కొంచెంగా నెమ్మది చేశాడు. రోజూ పడసాలలో పాడడం, చాటలు చూడడం, పడిన పప్పులకు పెద్దమ్మ చేత తిట్టించుకోవడం. ఒక రోజు డోన్ నుంచి వాడి స్నేహితుడు ఫోన్ చేశాడు. అంత నెమ్మదిగా పాడితే అది రాక్ ఎట్లవుతుందని అతని వాదన. "గట్టిగా ఉండాల, అంతే. బిరీన ఉండాల్సిన పనిలేదు" అన్నాడు తమ్ముడు. నేను ఆ తర్వాత సంగీతం గురించి పుస్తకాలు చాలానే చదివాను. ఆ మాటలో తప్పు నాకు ఇప్పటికీ కనిపించలేదు.

పాట మధ్యలో మాటలు లేకుండా గిటారు ఒక్కటే నడిచే చోటు ఒకటుంది. మొదట్లో ఆడవాళ్ళు అక్కడ చేతులు ఆపి వాడి వైపు చూసేవారు. నాలుగైదు రోజులకు చూడడం మానేశారు. ఆపకుండా వలిచేవారు. చివరి రోజు పెద్దమ్మ చాటలో పప్పు ఒక్కటీ పడలేదు. ఆమె చాటను జేజి ముందుకు తోసింది.

"ఇంకేం కావాలత్తా నీకు?"

జేజి గింజల్లో వేళ్ళు పెట్టి కలియబెట్టి చూసింది. "వలిచేటప్పుడు పాడడానికి ఒప్పుకుంటా. పేరు సంగతి నాకింకా తేలలే. 'ఒంటెద్దు' అని ఎవరన్నా అడిగితే నా నోటికి నాదే వస్తాది. తేలినప్పుడు చెప్తా. అంతవరకూ ఊరకుండు నాయనా."

"సరే జేజీ."

వాడు మాట తప్పలేదు. పోటీ కాగితంలో ఆ చోటు ఖాళీగానే ఇచ్చాడు. పోటీ అయిన రాత్రి కడపకు ఫోన్ చేశాడు. "పేరు లేని పాట అని మైకులో చెప్పినారక్కా. జనం నవ్వినారు. పాట అయిపోయినాక నవ్వలే." బహుమతి రాలేదు. ఆ సంగతి వాడు చివర్లో, నేను అడిగితే చెప్పాడు.

దసరా తర్వాత మా తమ్ముడు చనిపోయాడు. కర్నూలు నుంచి డోన్ పోతుండగా, రోడ్డు మీద. అంతకంటే ఆ సంగతి ఇక్కడ రాయను.

మళ్ళీ మే వచ్చింది. చేను ఉంది కాబట్టి విత్తనం కావాలి. ఆడవాళ్ళు ఎప్పటిలాగే వచ్చి బండల మీద కూర్చున్నారు. ఏడాది తిరగని ఇంట్లో పాట ఎత్తుకోరు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, అందరికీ తెలుసు. నేను కూడా ఒక చాట తీసుకుని కూర్చున్నాను. కొంతసేపు చీరల గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత అదీ ఆగిపోయింది. కాయ పగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు కూడా ఒక తీరున లేదు.

మధ్యాహ్నానికి జేజి చాటలన్నీ తన ముందు పెట్టించుకుంది. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది. వేళ్ళతోనే చూసేది. ఒక్కో చాటలో చేయి పెట్టి తీసింది.

"ఈ పొద్దు పప్పులు శానా పడతాండాయి."

ఎవరి చాట వాళ్ళ వైపు తోసేసింది.

"ఎవరన్నా ఎత్తుకోండి."

"ఏడాది తిరగలేదు కదత్తా" అంది పెద్దమ్మ.

"తిరిగేదాకా వాన ఆగుతాదా?"

"మేమెట్ల ఎత్తుకుంటాం ఈ ఇంట్లో? మాకు నోరెట్లొస్తాది?"

"మీకు రాకపోతే నేనే ఎత్తుకుంటా. అడగండి."

అడగని పాట ఎత్తుకోకూడదు. జేజి ఆ రోజు కూడా ఆ పద్ధతి వదల్లేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జేజి పాటలు ఇంకా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి అడగవచ్చు. పెద్దమ్మ కాయ మీది నుంచి చూపు తీయకుండా అడిగింది.

"ఒంటెద్దు."

జేజి గొంతు సవరించుకుంది. నేను ఇండ్ల వాకిళ్ళ కోసం, జవాబుల కోసం ఎదురుచూస్తున్నాను. మొదటి మాట విన్నాక కూడా నాకు అర్థం కాలేదు. రెండో మాటకు తెలిసింది. జతను సంతలో అమ్మేశారు. ఎద్దు ఖాళీ పక్కకు తల తిప్పుతోంది. ఆమె తమ్ముడి పాట పాడుతోంది. కిందటి మేలో చివరి రోజు వాడు పాడిన వేగంతోనే, మాట తప్పకుండా, ఆమె గొంతులో ఎంత సత్తువ ఉంటే అంత గట్టిగా. వాడు రాగం లాగి వదిలిన చోట ఆమె లాగలేకపోయింది. అక్కడ మాటను నేరుగా పలికేసి ముందుకు పోయింది.

పాట మధ్యకు వచ్చేసరికి జేజి ఆగింది. ఊపిరి అందక ఆగిందనుకుని నేను నీళ్ళ చెంబు కోసం లేవబోయాను. పెద్దమ్మ నా మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టింది. అది గిటారు చోటు. ఆడవాళ్ళెవరూ చేతులు ఆపలేదు. కాయలు ఒకే తీరున పగులుతున్నాయి. వాడు వాయించినంతసేపూ జేజి ఊరుకుంది. తర్వాత మిగిలిన చరణం ఎత్తుకుంది.

అయిపోయాక పెద్దమ్మ ముక్కు చీదుకుని అంది. "ఇది అబ్బోడిది కదత్తా."

"అవును. మీరు అడిగింది ఒంటెద్దే కదా."

"మరి నీదో?"

"నాదీ ఒంటెద్దే. రెండుండాయి. ఇంక మీదట అడిగేటప్పుడు ఎవరిదో చెప్పి అడగండి." జేజి చాట దగ్గరకు లాక్కుంది. "చెప్తా అన్నాను వానికి. ఇప్పుడు తేలింది."

పేరుకున్న పని అడగడానికి పనికిరావడమే. అంతకుమించి దానికి పెద్ద అర్థాలు వెతకనక్కర్లేదని నాకు అప్పటి నుంచి నమ్మకం. ఒకే పేరున్న రెండు పుస్తకాలు గ్రంథాలయంలో పక్కపక్కనే ఏ గొడవా లేకుండా ఉంటాయి. అడిగేవాళ్ళు ఎవరిదో చెబుతారు. మా పడసాలలో కూడా ఆ తర్వాత రెండు మూడేళ్ళు అలాగే అడిగారు. "జేజిదా, అబ్బోడిదా?" అని ఒకరు అనేవారు. పొద్దున చేతులు చురుగ్గా ఉన్నప్పుడు జేజిది అడిగేవారు, జవాబులు పాడి నవ్వుకోవడానికి. అన్నాలు తిన్నాక, ఎండ గట్టిగా ఉన్నప్పుడు, అబ్బోడిది. ఆ పాటకు జవాబులు లేవు. మధ్యలో ఆ చోటు మాత్రం అందరూ వదిలేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరన్నా అక్కడ మాట్లాడబోతే పెద్దమ్మ కళ్ళతోనే ఆపేది.

వాడి స్నేహితులు ఒకసారి కర్నూలు నుంచి వచ్చి పడసాలలో కూర్చుని విన్నారు. డోన్ అబ్బాయి, నెమ్మదిగా ఉంటే రాక్ కాదన్న అతనే, వాకిట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి ఒక చాట అడిగి తీసుకున్నాడు. అతనికి కాయ వలవడం రాలేదు. అన్నీ పప్పులే. పెద్దమ్మ తమ్ముడిని తిట్టినట్టే అతన్నీ తిట్టింది.

జేజి పోయింది. ఆ తర్వాత ఒక వేసవి పెద్దమ్మ రెండు పాటలూ తానే ఎత్తుకుంది, అడిగినప్పుడు, ఎవరిదో చెప్పి అడిగినప్పుడు. ఇప్పుడు విత్తనం వలిచినదే సంచుల్లో వస్తుంది. మా పడసాలలో చేత్తో కాయలు వలవరు.