ఏడు సెకన్ల జవాబు

2023లో కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఇంటి నుంచే యానిమేషన్ పని చేస్తుండేవాణ్ణి. అలాస్కా ఉత్తర తీరపు ఊళ్ల నుంచి యాంకరేజ్ నగరానికి వలస వచ్చిన ఇన్యూట్ కుటుంబాల మీద ఒక డాక్యుమెంటరీ నా దగ్గరకు వచ్చింది. అందులో ఎడ్నా అనే పెద్దావిడ డయాలసిస్ కోసం నగరానికి వచ్చింది. ఊళ్లో ఆ మెషీన్ లేదు కనుక తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయింది. కెమెరా వద్దనడంతో గొంతు మాత్రమే రికార్డు చేశారు. ఆ గొంతుకు మనిషిని గీయడం నా పని. పని సగంలో ఉండగా ఆవిడ చనిపోయింది.

రికార్డింగు చివర దర్శకురాలు అడుగుతుంది: "మీ ఊరికి తిరిగి వెళ్లాలని ఉందా?" తర్వాత ఏడు సెకన్లు ఏమీ వినపడదు.

"అన్నా, అక్కడ అంతా ఖాళీ. కట్ చేసేయనా?" అన్నాడు సౌండ్ చూసే కిరణ్.

"ఉంచు. తేల్చుకోలేకపోతోంది పాపం."

"ఆ చలిలోకి మళ్లీ ఎవరెళ్తారులే. నాకు డబ్లిన్‌లోనే వణుకు."

తల వంచుకున్న ముఖం గీశాను. కదలికలు పూర్తిచేసే ముందు బొమ్మలతో కూర్చే ముసాయిదాను యానిమాటిక్ అంటాం. దాన్ని ఎడ్నా కూతురు ఐరీన్‌కు వీడియో కాల్‌లో చూపించాను.

"మా అమ్మ జవాబేది?" అంది.

"ఆవిడ అక్కడ మాట్లాడలేదు."

"నేను పక్కనే కూర్చున్నాను. చెప్పింది." ఐరీన్ కనుబొమలు పైకెత్తి దించింది. "మా వాళ్లకు ఇదే 'అవును'. దీనికి మళ్లీ నోరెందుకు?"

సినిమా మొదట వాళ్ల ఊళ్లోనే వేస్తారు. ఐరీన్ అన్నయ్య అక్కడే ఉంటాడు. అమ్మ నగరానికి అలవాటుపడి తమను మరిచిపోయిందని అతని నమ్మకం. నా బొమ్మ అతని మాటే ఖాయం చేసేది.

కనుబొమలు పైకెత్తినట్టు మళ్లీ గీసి చూపించాను.

"దెయ్యాన్ని చూసినట్టుంది," అని నవ్వింది ఐరీన్. "తగ్గించు. మా అమ్మ అంత కష్టపడదు."

నాలుగోసారి గీసింది చూపించాను. తెర మీది అమ్మను చూస్తూ తానూ కనుబొమలెత్తింది.

ఊళ్లో ప్రదర్శన అయ్యాక ఫోన్ చేసింది. వాళ్లన్నయ్య ఆ ఒక్క చోటు రెండుసార్లు వేయించుకుని చూశాడట. "తీసుకురాలేకపోయినా, వస్తావా అని నేను అడగాల్సింది," అని బయటికి వెళ్లిపోయాడట.

ఆ సినిమా అతనికి ఓదార్పునిచ్చిందని నేననుకోను. అప్పటి నుంచి రికార్డింగులో మాటలేని చోటు వస్తే పెన్ను పక్కన పెట్టి, ఆ గదిలో ఇంకెవరున్నారో కనుక్కుంటాను. ఒక్కోసారి వాళ్లూ మిగిలి ఉండరు. అప్పుడు ఆ చోట ముఖం గీయను.