బుధవారం ఒక్కపొద్దు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే, నాకు రాయడం రాదు కాబట్టి అని చెప్పుకోవచ్చు. కాని అది సగమే నిజం. చిన్నప్పుడు గొర్రెపిల్లల వెంట తిరిగాను, పెళ్లయ్యాక మంద వెంట తిరిగాను. కోడలు వచ్చేదాకా అక్షరం మొహం చూడలేదు. అయితే అక్షరాలు వచ్చి కూడా చాలా కాలమే అయింది. కల్వకుర్తి బస్సేదో, దేవరకొండ బస్సేదో ఎవరినీ అడగకుండా ఎక్కడం వచ్చింది. ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో కొట్టం గోడ మీద బొగ్గుతో రాయడం వచ్చింది. తర్వాత తర్వాత చిన్నచిన్న సంగతులు కాగితం మీద పెట్టడమూ అలవాటయింది. ఈ ఒక్కటి మాత్రం రాయబోతే చెయ్యి ఆగిపోయేది. ఆ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి సంగతి ఇది.

ఆమె మా ఊరి అంగన్‌వాడీ టీచరు. తెలంగాణ వచ్చిన తర్వాత నాలుగైదేళ్లకు మా కోడలు కడుపుతో ఉంది. ఆమెకిచ్చే గుడ్లు, పాలు తెచ్చేందుకు నేనే వెళ్లేదాన్ని. తీసుకున్నట్టు వేలిముద్ర వేయాలి. ఒకరోజు నేను వేలు చాపేసరికి ఆ పిల్ల సిరా డబ్బా మూత పెట్టేసింది.

"ఏలెందుకు పెద్దమ్మా, పేరు రాయి."

"నాకు గొర్లు తప్ప ఇంకేం రాదు బిడ్డా."

"అన్నీ ఒక్కతీరుగుండే గొర్లల్ల ఏది యాడిదో గుర్తువడ్తవు. గీ అక్షరాలు గుర్తువట్టలేవా?"

అలా మొదలైంది. మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, మంద తిరిగి వచ్చేలోపు, ఆ గదిలో చాప మీద కూర్చునేదాన్ని. మా తోటికోడలు కూడా వచ్చింది. మా వీధి నుంచి మరో ముగ్గురు తోడయ్యారు. మాకు చదువు చెప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటి దగ్గర తన పిల్లలు ఎదురుచూస్తున్నా ఆగేది. నా చేతులకు ఎప్పుడూ గొర్రె వాసన. ఎంత తోమినా పోదు. ఆమె ఒక్కనాడు కూడా మొహం తిప్పుకోలేదు. నా మణికట్టు పట్టుకుని పలక మీద నెమ్మదిగా తిప్పేది.

'క' నేర్పిన రోజు, క తో వచ్చే మాట ఒకటి చెప్పమంది. కమలం, కలం అని పిల్లలకు చెప్పే మాటలు నాకు తోచలేదు. "కార్జం" అన్నాను. గొర్రె కోసినప్పుడు నాకు ముందు కార్జం ముక్క కావాలి, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. మా తోటికోడలు నవ్వలేక చాప మీద పడిపోయింది. టీచరు కూడా కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, "నీకు క మర్చిపోదు ఇగ," అంది. మర్చిపోలేదు.

ఒక సంగతి చెప్పకుండా మిగతాది చెప్పలేను. ఆమెది ఊరి చివర చర్చి దగ్గరి వాడ. వాళ్ల అమ్మ, నాయిన మా వీధివాళ్ల చేలల్లో కూలి చేసినవాళ్లు. మా అత్త కాలంలో వాళ్లకు నీళ్లు కావాలంటే దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్లు. ఇప్పుడు అలా ఎవరూ పోయరు. మా మనుమడు అంగన్‌వాడీలో ఆమె వడ్డించిన అన్నమే తిని పెరిగాడు, దానికి ఎవరూ ఏమీ అనలేదు. అది సర్కారు అన్నం. కాని ఆ వాడలో ఒక ఇంటికి పోయి, కూర్చుని, పళ్లెంలో చెయ్యి పెట్టడం వేరు. అది మా వీధిలో ఎవరూ చేయలేదు. చేయకూడదని ఎవరూ పైకి అనరు. ఏదో ఒక అడ్డం చెప్పి తప్పుకుంటారు, అంతే.

నిరుడు ఆమె కొత్త ఇల్లు కట్టుకుంది. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు మూడు మెట్లు. గృహప్రవేశం నాడు ప్రార్థన, తర్వాత భోజనాలు. దానికి పొట్టేలు మా మందలోంచే తీసుకుంది. మా ఆయన ఎంచి ఇచ్చాడు. పొట్టేలు కోసం వచ్చిన రోజే నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, మీరందరు రావాలె."

"ఎందుకు రాము? వస్తం."

"వచ్చుడు గాదు. తినాలె." గొంతు తగ్గించింది. "వాళ్ల సంగతి నాకెర్కే. నువ్వన్న తిను. నువ్వు తిన్నవనుకో, ఒక్కలన్న నీ ఎంబడి తింటరు. మా అమ్మ జూస్తది. ఆమె ఉన్నప్పుడే ఒక్కపారి జూస్తే సాలు."

వాళ్ల అమ్మ అప్పటికే మంచం మీద ఉంది. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "నీ ఇంట్ల తినకుంటే ఇంకెవలింట్ల తింట బిడ్డా," అన్నాను. ఆ మాట నాతో ఎవరూ బలవంతంగా అనిపించలేదు.

బుధవారం నాడు ఆ చాప మీద చదువుకున్న ఐదుగురం కలిసి బయలుదేరాం. దారిలో మా తోటికోడలు నా పక్కకు వచ్చింది.

"అక్కా, ఆడ తిందమా ఏంది?"

"తింటే ఏమైతది?"

"ఏం గాదు. రేపు మీ కోడలు తల్లిగారింట్ల తెలిసినంక ఎర్కైతది ఏమైతదో."

నేను మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడాన్ని ఆమె తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. నేనూ అలా అర్థం చేసుకోనిచ్చాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. గోడలకు కొత్త సున్నం వాసన. ప్రార్థన అయ్యేదాకా గడప దగ్గర నిలబడ్డాం. తర్వాత మమ్మల్ని లోపలి గదిలో, వాళ్ల అమ్మ మంచం ఎదురుగా కొత్త చాప మీద కూర్చోబెట్టింది. ఆ ముసలామె ఒకప్పుడు మా పల్లి చేనులో నాతో కలిసి కాయ ఏరిన మనిషే. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక, చెయ్యి మాత్రం ఊపింది.

పళ్లేలు వచ్చాయి. మా తోటికోడలు ముందుగా చేతులు అడ్డం పెట్టింది.

"మాకు ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా."

ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్క పూటే తినడం, ఆ తినేదీ ఇంట్లో మడిగా వండుకున్నదే. మధ్యలో పండో పాలో తీసుకోవచ్చు. ఎవరినీ నొప్పించకుండా వద్దనడానికి దాన్ని మించిన మాట మా దగ్గర లేదు.

"నాగ్గూడ," అంది రెండో ఆమె. మూడో ఆమె మొక్కు ఉందంది. నాలుగో ఆమె తల మాత్రం ఆడించింది.

"అందరికి ఒక్కటే దినమా?" అంది టీచరు. నవ్వుతూనే అంది.

"తోడుంటే ఆకలి తెల్వదు గదనే," అంది మా తోటికోడలు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది.

నన్ను మాత్రం ఆమె అడగలేదు. లోపలికి పోయి, వడ్డించిన పళ్లెమే తెచ్చి నా ముందు పెట్టింది. బగారన్నం, పొట్టేలు కూర. కూర పైన నాలుగు కార్జం ముక్కలు. పొట్టేలంతా కలిపితే ఉండేదే కాస్త కార్జం. ఊరందరికీ వండిన గంజుల్లోంచి నా కోసం ఏరి పక్కన పెట్టి ఉండాలి.

మంచం మీది ముసలామె నా చేతినే చూస్తోంది. నా పక్కన నలుగురూ నా చేతినే చూస్తున్నారు. నాకు ఆకలిగా ఉంది, అది కూడా దాచను. నా నోరు మాత్రం, "నాగ్గూడ ఒక్కపొద్దే బిడ్డా," అంది.

టీచరు పళ్లెం అంచు మీద చెయ్యి అలాగే ఉంచి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లేచి కిటికీ దగ్గరికి పోయింది. అక్కడ చిన్న కవర్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు అరటిపండ్లు, ఒక బత్తాయి. వాళ్ల నలుగురికీ తలొకటి ఇచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలో ఏమీ లేదు.

"నీకు తేలేదు పెద్దమ్మా," అంది. "నువ్వు తింటవనుకున్న."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తిరిగి ఏదైనా అని ఇంటికి వచ్చేదాన్ని. సంతలో ఏదో మరిచి వచ్చినట్టుగా, తప్పు తనదైనట్టుగా అంది. నా ముందున్న పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది.

తిరిగి వచ్చే దారిలో మా తోటికోడలు అరటిపండు ఒలుచుకుంటూ, "మంచి పిల్ల. మనం తినమని ముందుగాలనే ఎర్కుండి తెచ్చిపెట్టింది జూడు. మన మొకం గాపాడింది," అంది. మెచ్చుకుంటూనే అంది. రెండో పండు నా చేతిలో పెట్టబోయి, "ఇంద అక్కా, నీది గూడ ఒక్కపొద్దే గదా," అని నవ్వింది. నేను తీసుకోలేదు.

సాయంత్రం మా ఆయన మందను దొడ్లోకి తోలి వచ్చి, చెప్పులు విడవకముందే అడిగాడు.

"పొట్టేలు ఎట్లున్నది? మెత్తగ ఉడికిందా?"

"తిన్లే."

"ఎందుకే?"

"ఒక్కపొద్దన్న."

"ఇయ్యాల బుధారం. బుధారం నీకు ఏ దేవుని ఒక్కపొద్దే?"

నేను పొయ్యిలో కట్టె సర్దాను.

"నేను వోతే తినొస్తుంటి," అన్నాడు.

"మరెందుకు పోకపోతివి? నిన్ను గూడ పిలిచె గదా."

ఆయన గొంగడికి అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే ఏరుకుంటూ కూర్చున్నాడు. అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం. నేను తిన్నది ఏ కూరో గుర్తు లేదు.

నేను దయ గలదాన్నని నాకు ఎప్పుడూ ఒక నమ్మకం. రోడ్డు పనికి వచ్చినవాళ్లకు మజ్జిగ పోశాను. కాన్పు కష్టమైతే ఎవరిదని చూడకుండా ఆ ఇంటి ముందు నిలబడ్డాను. ఆ వాడ పిల్లలకు కూడా ఈనిన గొర్రె జున్నుపాలు పంపాను. అవన్నీ ఆ రోజు వరసగా గుర్తు చేసుకుని చూశాను. అన్నిటిలోనూ ఇచ్చే చెయ్యి నాదే. ఇవ్వడానికి నాకు ఏ అడ్డమూ రాలేదు. ఆ పిల్ల నన్ను అడిగింది ఏమీ ఇవ్వమని కాదు. తన ఇంట్లో ఒక ముద్ద తీసుకోమంది. వేల ముద్దలు తిన్న నోరు ఇది, ఆ ఒక్కటి తినలేకపోయింది. పైగా దేవుడి పేరు అడ్డం పెట్టింది.

మరునాడు తెల్లవారుతుండగానే లేచి వాళ్లింటికి పోయాను. ఆమె వాకిట్లో పంపు దగ్గర కూర్చుని, చర్చి నుంచి తెచ్చిన పెద్ద గంజులు తోముతోంది. నన్ను చూసి గబగబా లేచింది.

"ఏంది పెద్దమ్మా, గింత పొద్దుగాల? ఇంట్ల ఎవలికన్న బాగలేదా? దవాఖానకు పోవాల్నా?"

ముందు నా గురించే కంగారుపడింది. 

"నిన్నటి కూరుందా బిడ్డా?"

చేతికి అంటిన బూడిద కడుక్కోకుండా నా వైపు చాలాసేపు చూసింది.

"ఒక్కపొద్దు అయిపోయిందా?" అంది. ఈసారి నవ్వలేదు.

"అది ఒక్కపొద్దు గాదు. అబద్ధం."

"ఎర్కే," అంది. చేతులు కడుక్కుంది. "అన్నం సల్లగున్నది. జర ఆగు, ఏడి జేస్త."

"గట్లనే పెట్టు."

లోపల చాప పరిచింది. పళ్లెం తెచ్చి పెట్టి, తలుపు సగం దగ్గరికి వేసింది. "ఈడ గూసో పెద్దమ్మా. బయటికి గనవడది," అంది.

అప్పుడు తెలిసింది నాకు. అంత పొద్దున్నే ఎందుకు వచ్చానో నాకంటే ముందు ఆమెకు అర్థమైంది. ఎవరూ లేవకముందు వచ్చి, ఎవరూ చూడకముందు తిని పోదామని వచ్చాను. అలా అనుకుని రాలేదు, కాని కాళ్లు ఆ వేళకే తెచ్చాయి. ఆమె దానికీ ఒక తలుపు చూపించింది, నిన్న పండ్లు తెచ్చిపెట్టినట్టే.

ముసలామె మంచం మీద మేలుకునే ఉంది. నేను పళ్లెం తీసుకుని లేచాను. గడప దాటి ముందు మెట్ల మీద, దారి వైపు తిరిగి కూర్చున్నాను. టీచరు నన్ను ఆపలేదు, మెచ్చుకోలేదు, పక్కన కూర్చోనూ లేదు. పంపు దగ్గరికి పోయి మళ్లీ గంజు తోమడం మొదలుపెట్టింది.

అన్నం చల్లగా, బిరుసుగా ఉంది. కూర అడుగున ముక్కలే మిగిలాయి. కార్జం లేదు. పిల్లలెవరో తినేసి ఉంటారు.

పాలకేంద్రానికి పోయేవాళ్లు ఒక్కరొక్కరే వస్తున్నారు. ఒకాయన చూసి చూడనట్టు పోయాడు. తర్వాత మా తోటికోడలు, చేతిలో పాల క్యాను. నన్ను దాటి రెండడుగులు పోయి ఆగింది. వెనక్కి తిరిగింది.

"అక్కా... ఏం జేస్తున్నవే ఆడ?"

నోట్లో ముద్ద ఉంది. మింగాక చెప్పాను.

"తింటున్న."

పంపు దగ్గర గంజు తోముతున్న చప్పుడు ఆగింది. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.