నా రంగు అంటుకోదులే

ప్రసూతి వార్డులో ఆమెను అందరూ పెద్ద నర్సమ్మ అనేవారు. ఎంత కష్టమైన కాన్పయినా ఆమె పక్కనుంటే కొండంత ధైర్యం. మనిషి నిగనిగలాడే నలుపు. పసిబిడ్డను తువ్వాలులో చుట్టి తెచ్చి, "భయపడకండి, నా రంగు అంటుకోదులే!" అనేది. అందరూ నవ్వేవారు. ఆ తర్వాత బిడ్డ చెవి అంచు మడిచి చూసి, పెద్దయ్యాక ఏ రంగు తేలుతుందో జోస్యం చెప్పేది.

ఆ రోజు ఒక బస్సు కండక్టరమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లిదీ నర్సమ్మ రంగే. నర్సమ్మ బిడ్డ చెవి చూసి పెదవి విరిచింది.

"తల్లి పోలికే. ఏం చేస్తాం, బాగా చదివించుకో."

"కాలూ చెయ్యీ బాగున్నాయి, అదే చాల్లెండి" అంది పక్కనున్న అత్తగారు.

కండక్టరమ్మ మాత్రం ఊరుకోలేదు. "పిల్ల ఇంకా కళ్ళన్నా తెరవలేదు. అప్పుడే దానికి లోటు వెతికారా?"

"అయ్యో, నేనూ నల్లదాన్నేగా! నాకు లేని బాధ నీకెందుకమ్మా?"

"అందుకే నొప్పి. బస్సులో ఎవరో 'నల్లపిల్లా' అంటే దులిపేసుకుంటా. మీరంటే ఎలా దులుపుకోను? నన్ను మొదట ఏడిపించింది పరాయివాళ్ళు కాదు, మా అమ్మ. ఫొటో తీసేటప్పుడు వెనక్కి నెట్టేది."

నర్సమ్మ బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టింది. సర్దిచెప్పబోయిన అత్తగారిని ఆపి, "చెప్పనివ్వండి" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. విన్నంతసేపూ తల కొట్టేసినట్టయింది. తన పెద్దకూతురే కళ్ళముందు మెదిలింది.

ఇంటికి వెళ్ళేసరికి ఆ కూతురు బట్టలు మడతపెడుతోంది.

"నీ రంగు గురించి నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?"

కూతురి చేతులు ఆగాయి. "ఎప్పుడు అనలేదో అడుగమ్మా. పసుపు గౌను కావాలంటే, 'కాకికి పసుపు పూసినట్టుంటుంది' అన్నావు. చుట్టాలందరి ముందూ. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను."

'నీ మంచికే' అనబోయి నర్సమ్మ నాలుక కరుచుకుంది. "ఇంకా?" అంది.

కూతురు చెప్పింది. చెల్లెలి స్నేహితులొస్తే లోపలే ఉండమనడం, ఒళ్ళు మండేదాకా రుద్ది స్నానం చేయించడం. నర్సమ్మకు వాటిలో ఒక్కటీ గుర్తు లేదు. అన్నిటికంటే అదే సిగ్గనిపించింది. కళ్ళు నిండాయి.

"నువ్వేడిస్తే మళ్ళీ నేనే ఓదార్చాలి. ఇవాళ నావల్ల కాదమ్మా" అంది కూతురు.

నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "లేదులే, నువ్వు చెప్పు" అంటూ ఎదురుగా నేల మీద కూలబడింది.