మూడు దెబ్బలు

మొన్న పొద్దున, ఫస్టు షిఫ్టు సైరను వేళకు, గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు కాక, నాకు బాబాయి వరస, పోయాడు. ఫోన్లో ఆయన భార్య చిన్నమ్మ రెండు ముక్కలే చెప్పింది. నేను బతికి ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే అది ఆయన చలవే.

కాక గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులను లాగే తాడు దగ్గర సిగ్నల్ ఇచ్చేవాడు. నేనూ పనిచేసిన ఆ గనిలో గంట మీద ఒక దెబ్బంటే ఆపు, మూడంటే పైకి లాగు. రిటైరైనా ఆ చెయ్యి ఊరుకోలేదు. చాయ్ కావాలంటే గ్లాసు మీద మూడు, చాలంటే ఒకటి. మా తలుపు మీదా అదే గోల. నేనెన్నిసార్లు విసుక్కున్నానో!

కొన్నేళ్ల కింద నాకు నిమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ రక్తానికెక్కింది. కరీంనగర్‌లో ఒక దవాఖానలో మూడు వారాలు గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషను మీద ఉంచారు. మత్తు దిగాక అన్నీ వినబడుతున్నాయి, వేలు మాత్రం కదలదు. రెప్పలొక్కటే ఆడుతున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఇంకా చూద్దామని డాక్టరు అంటూనే ఉన్నాడు. మావాళ్లు చూసినవన్నీ గనిలో తలకు దెబ్బ తగిలిన కేసులే. మనిషి కదలకపోతే మెదడు పోయినట్టే వాళ్ల లెక్క.

"ఇంకేముంది, పానం ఇంట్లనే పోనియ్యాలె. రేపటికి బండి మాట్లాడిన," అన్నాడు పెద్దబావ, నా మంచం పక్కనే నిలబడి. నా భార్య ఏడుస్తూ తలూపింది. నేను లోపల అరిచాను. ఒక్క పిసరు బయటికి రాలేదు. అంత భయం బొగ్గు కింద కూడా ఏనాడూ పడలేదు.

మర్నాడు బండి వచ్చి కింద ఆగింది. చివరిచూపుకని కాకను లోపలికి వదిలారు. ఆయన అలవాటు చొప్పున మంచం ఇనుప పట్టీ మీద మూడుసార్లు కొట్టాడు. నేను మూడుసార్లు రెప్పలార్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఈసారి ఒక్కటే కొట్టాడు. నేనూ ఒక్కసారే ఆర్పాను.

"ఆగుర్రి! పిలగాడు సిగ్నల్ ఇస్తుండు! బండి వాపస్ పంపుర్రి!"

నర్సు కసిరినా ఆయన ఊరుకుంటేనా!

డాక్టరు వచ్చి, రెప్పలతోనే జవాబులు రాబట్టి, తెలివి చక్కగా ఉందన్నాడు. అంత పెద్ద జబ్బులో నరాలు, కండరాలు దెబ్బతింటాయట. కండరాల కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సరిగా పనిచేయవట.

"అంటె లైటు బుగ్గ మంచిగనే ఉంది, బ్యాటరీ చార్జి తీస్కుంటలేదన్నట్టు," అన్నాడు కాక. టోపీ లైటుతో బతికిన మావాళ్లందరికీ అప్పుడు అర్థమైంది. పెద్దబావ నా కాళ్లు పట్టుకుని ఏడ్చాడు.

ఇంటికొచ్చాక రోజూ సైరనుతో పాటే కాక హాజరు. చెంచా పట్టుకోవడానికే నాకు నెల పట్టింది. నేను విసిగి ఆయన్నే తిడితే, "జోరు చెయ్యకు బిడ్డా. తాడు మెల్లగ గుంజితేనే టబ్బు పట్టాల మీద ఉంటది," అనేవాడు. నడిపించేటప్పుడు నా మోకాళ్లు వణికితే ఆయన గోడ మీద ఒక దెబ్బ కొట్టేవాడు. నేను కూర్చునేవాణ్ణి. పాత బలం మళ్లీ రాలేదు గానీ, లోపలికి దిగకుండా గని పైన చేసే డ్యూటీకి సరిపడా వచ్చింది. ఇప్పుడు మందమర్రిలో చేస్తున్నాను.

మొన్న బస్సు దిగి వెళ్లేసరికి పాడె సిద్ధంగా ఉంది. కాక ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఇనుప పట్టీ మీద మూడుసార్లు కొట్టాను.

"జల్ది కానియ్యి తమ్మీ, టైమైతుంది," అన్నారెవరో బయటి నుంచి.

నేను ఆయన రెప్పల వంకే చూస్తూ నిలబడ్డాను.