మామత్ కడుపులో ఇరుక్కున్నాం

మా చిన్నప్పుడు... హన్మకొండ ఎగ్జిబిషన్‌లో ఓ పెద్ద బొచ్చు ఏనుగు బొమ్మ పెట్టారు. మామత్... ఏనుగులకు ఎప్పటిదో చుట్టం. వెదురు చట్రం మీద గోనెసంచులు, వాటి మీద కొబ్బరి పీచుతో బొచ్చు, వంకర దంతాలు. కడుపు కింద స్పీకర్‌లోంచి ఘీంకారం వస్తే పెద్దవాళ్లు కూడా వెనక్కి జరిగేవాళ్లు.

వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చాం... నేను, మా పెద్దనాన్న కూతురు రజితక్క, మా నాన్న వాళ్లమ్మ. ఆమెను బాపమ్మ అనేవాళ్లం.

బాపమ్మ మిర్చి బజ్జీలు కొనేలోపు వాన దంచికొట్టింది. జనం తలోదిక్కు పరుగెత్తారు. మేమిద్దరం మామత్ కిందికి దూరాం. పొట్టకు రిపేర్ల కోసం పెట్టిన చిన్న తలుపు తెరిచి ఉంటే, తడవకుండా లోపలికి ఎక్కేశాం.

అంతలో ఎవరో పరుగున వచ్చి ఆ తలుపు మూసి బయట గడియ పెట్టారు. పైన టార్పాలిన్ కప్పిన చప్పుడు... అంతా చీకటి. ఎంత బాదినా వాన హోరులో ఎవరికి వినపడుతుంది?

జిగురు వాసన, తడి గోనె వాసన... మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే తప్ప చోటు లేదు. వెదురు చీలికలు వీపులో గుచ్చుకున్నాయి.

"అక్కా, ఊపిరాడ్తలేదే..." అన్నాను.

"ఆడ్తది. మెల్లగ పీల్చు. నేనున్న గద" అంది రజితక్క. 

వాన తగ్గింది. పైన టార్పాలిన్ లాగేసిన చప్పుడు, జనం మాటలు వినపడ్డాయి. ప్రాణం లేచొచ్చి గట్టిగా అరిచామో లేదో... స్పీకర్ మొదలైంది! మేం అరుస్తుంటే మామత్ ఘీంకరిస్తోంది. బయట నవ్వులు, ఈలలు. మైకులో ఒకాయన, "ఈ జాతిల ఇప్పుడు ఒక్కటి గూడ బతికి లేదు!" అంటున్నాడు.

మేమూ ఇందులోనే అయిపోతామనుకున్నాను... నిజంగానే. అక్క అరవడం మానేసి, ఏడుస్తున్న నన్ను గట్టిగా పట్టుకుంది.

అప్పుడు బయట బాపమ్మ గొంతు...

"ఓ కొడుకా, జర ఆ సప్పుడు బంద్ చెయ్యి. లోపట మా పిల్ల ఏడుస్తాంది."

"అది ఏనుగు సప్పుడు అవ్వా. క్యాసెట్టు..."

"నా మనుమరాలి గొంతు నాకెరుక లేదా? ముందుగాల బంద్ చెయ్!"

స్పీకర్ ఆగింది. అందరికీ మా ఏడుపు వినపడింది. మైకులో మాట్లాడినాయనే పరుగున వచ్చి గడియ తీశాడు. బాపమ్మ ఇద్దరినీ ఒకేసారి ఒళ్లోకి లాక్కుని, కోప్పడటం కూడా మర్చిపోయి, కొంగుతో మా మొహాలు తుడుస్తూనే ఉంది.

కాస్త తేరుకున్నాక ఆ బొమ్మను కిందా మీదా చూసి అడిగింది... "ఒక్కటన్న మిగల్లేదా కొడుకా, పాపం?"

"లేదవ్వా. మంచు దేశాలల్ల తిరిగేటివట. సలి తగ్గింది, మనుషులు ఏటాడిన్రు... అన్నీ పోయినయి."

 బస్సులో దారంతా బాపమ్మ మా ఇద్దరి చేతులూ వదల్లేదు.

ఇప్పుడు జాతర్లకు వెళితే పిల్లల చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ కడుతున్నాం. మంచిదే... కానీ అంత హోరులో ఒక్క ఏడుపు విని, అది తన పిల్లదేనని చెప్పగల మనిషి నాకిప్పుడు లేదు...

గొంతును బట్టే మిమ్మల్ని పోల్చుకునే మనిషి మీ ఇంట్లో ఎవరుండేవాళ్లు? కింద రాయండి... చదువుతాను.